సగం పడవ

ఇంగెబోరి అత్త పోయాక నా వాటాకి వచ్చింది
ఒక రస్కుల డబ్బా.
మూత మీద రాణిగారి బొమ్మ, ముఖం తుప్పు తినేసింది.
లోపల కాగితాలు, వలతాడుతో కట్టిన బైబిలు.

నలభై ఏళ్లు ఫెర్రీల ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి.
నాకు తెలిసిన చదువు ఒకటే:
జిడ్డు మరక ఎక్కడుంటే అక్కడ ఒక చెయ్యి ఆనింది.
ఆ చదువుతోనే వెదికాను ఊలేనాని.
మా అమ్మమ్మకి అమ్మమ్మ సెవెరీనా,
ఆమెకి అమ్మ ఊలేనా.

పాస్టరు గారు ఏటా చలికాలంలో
ఎవరో ఒకరి వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని
దీవికంతటికీ పరీక్ష పెట్టేవాడు.
పెద్ద పుస్తకం, సన్నటి గళ్లు.
ఊలేనా, కొర్నేలియస్ కూతురు, పుట్టుక 1819.
మశూచి: వచ్చి పోయింది.
చదవడం: తడబడుతుంది.
అర్థం చేసుకోవడం: అంతంత మాత్రం.
రాయడానికి గడే లేదు.
ఆ మాటకొస్తే మగవాళ్లకీ లేదు.

1851 నవంబరు.
భర్త అముంద్ హెర్రింగు వేటకి వెళ్లాడు.
అత్త చెప్పే కథలో తుఫాను, మెరుపులు,
చివరి క్షణాన గొంతెత్తిన కీర్తన.
రికార్డులో ఒక్క మాట: మునిగాడు.
పడవ మాత్రం తిరిగొచ్చింది,
అందులో భాగస్తుడు తోర్కెల్ మాత్సన్.
అతన్ని ఎవరైనా ఏమైనా అడిగారో లేదో
నా దగ్గరున్న ఏ కాగితమూ చెప్పదు.

నెల తిరక్కుండా ముగ్గురు మనుషులొచ్చి
ఇల్లంతా తిరిగి ధరలు కట్టారు.
రాగి కెటిలు, అడుగున అతుకు.
మేక ఒకటి.
వలలు మూడు, అందులో చిరిగింది ఒకటి.
తోలు కోటు, విలువ లేదు.
పడవ, సగం.

ఏ సగం?
ముక్కు వైపా, చుక్కాని వైపా?
వర్క్‌షాపులో నవ్వినట్టు పైకే నవ్వాను.
కింది లైను చదివాక నవ్వు నిలబడలేదు:
ఊలేనా, కలం తాకి.
పేరు ఇంకెవరో రాస్తారు,
ఆ కలం తోకని ఆమె ఒక వేలితో ముట్టుకుంటుంది.
అదే సంతకం.
"పాపం, నిశానీ మనిషి" అనేది అత్త,
కాఫీలో రస్కు ముంచుకుంటూ.

బైబిలు చివర ఖాళీ పేజీ ఉంది.
అక్కడ పెన్సిలుతో అక్షరమాల,
బడి పిల్ల చేతిరాత, బారులు తీరి,
చివరి మూడింటి నెత్తిన సున్నా, చుక్కలు, అన్నీ సరిగ్గా.
దాని కింద మళ్లీ అదే అక్షరమాల.
ఈసారి పెద్ద పెద్దవి,
పీతలు నడిచినట్టు పక్కకి పక్కకి.
ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడింది.
పిల్ల దాన్ని కొట్టేసి పక్కన సరైనది పెట్టింది.
పక్కనే మళ్లీ తిరగబడ్డదే.
మళ్లీ కొట్టివేత.
కాగితం అక్కడ కాస్త చిరిగింది కూడా.

ఎనిమిదేళ్ల సెవెరీనా అమ్మ చేత దిద్దించింది.
ఏ రాత్రో తెలీదు. ఎన్ని రాత్రులో తెలీదు.
చేపనూనె దీపం వెలుగులో అని రాయబోయి ఆగాను.
ధరల జాబితాలో దీపం లేదు.

ఇక డబ్బా అడుగున 1869 నాటి అమ్మకం పత్రం.
గుమాస్తా రాత, తీగలు పాకినట్టు అందంగా:
పడవలో సగం, తోర్కెల్ మాత్సన్‌కి,
పదకొండు రిక్స్‌డాలర్లు.
"సగం" పక్కన, రెండు లైన్ల నడుమ ఇరికించి,
వేరే సిరాతో, పెద్ద అక్షరాల్లో
ఎవరో కలిపారు: చుక్కాని వైపు.
అందులో ఎన్ తిరగబడి ఉంది.

కింద ఆమె పేరు పూర్తిగా, తన చేత్తోనే,
గీత దాటి అంచు దాకా పోయింది.
దాని కింద రెండు అడ్డగీతలు, ఒక కొక్కెం.
ఆ పక్కన గుమాస్తా రాశాడు:
తోర్కెల్ మాత్సన్, కలం తాకి.